పేరు వెంట పరుగెత్తని బిషప్ అజరయ్య

మన ఖైరతాబాదు చౌరస్తాలో తలెత్తి చూస్తే ఏదో ఒక ఫ్లెక్సీ మీద ఎవరో ఒకరు నవ్వుతూ కనిపిస్తారు. చేతిలో ఫోను తెరిస్తే అక్కడ మన ముఖమే! ప్రార్థనను కూడా వీడియో తీసి పదిమందికీ చూపించుకునే రోజులివి. ఈ హోరులో నాకు తరచు గుర్తొచ్చే మనిషి డోర్నకల్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు.

ఆయన 1874 ఆగస్టు 17న తిరునల్వేలి ప్రాంతంలోని వెళ్ళాలన్‌విళై అనే పల్లెలో పుట్టారు. తండ్రి గ్రామ పాస్టరు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివినా డిగ్రీ చేతికి రాలేదు. 1895 నుంచి వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దక్షిణ భారతంలో తిరిగారు. మంచి వక్తగా పేరొచ్చింది. ఆ పేరు పట్టుకుని మద్రాసులోనే హాయిగా ఉండిపోవచ్చు. కానీ 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు మిషనరీగా వచ్చేశారు. తెలుగు ఆయన మాతృభాష కాదు. పట్టుపట్టి నేర్చుకున్నారు.

మరుసటి ఏడాది ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అప్పటికి ఆయనకు ముప్ఫై అయిదేళ్ళు. తెల్లదొరలు నిండిన ఆ సభలో, మాకు మీ దానధర్మాలు చాలు, ఇక సమానులుగా స్నేహం ఇవ్వండి అనే అర్థం వచ్చేలా నిలదీశారు. కొందరికి కోపం వచ్చింది. ఆయన పేరు మాత్రం దేశదేశాలకూ తెలిసింది. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు.

అంత కీర్తి వచ్చాక ఆయన చేసిందేమిటి? మళ్ళీ ఎడ్లబండి ఎక్కారు! మాల, మాదిగ పల్లెల్లో కూలిజనం మధ్య మిగిలిన ముప్ఫై రెండేళ్ళూ గడిపారు. వంటకు ముందు పిడికెడు బియ్యం దేవుడి పనికి తీసిపెట్టడం అక్కడి ఇల్లాళ్ళకు అలవాటైంది. పుచ్చుకోవడమే తెలిసిన బీదవాడు తానూ ఇవ్వగలనని తలెత్తుకోవడం చిన్న సంగతా? ఆయన కాలం ముగిసేనాటికి ఆ డయోసిస్‌లో క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మరొకటి. 1932లో బ్రిటిషు ప్రభుత్వం భారతీయ క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ప్రకటించింది. తన వాళ్ళకు లాభమే కదా అని ఆయన సంతోషించలేదు. సంఘం తన వాటా తాను లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే పొరుగువాడికి దూరమవుతుందని వ్యతిరేకించారు. తన గొప్ప మరిచిపోవడం ఒక ఎత్తు. తన గుంపు గొప్ప కూడా మరవడం మరో ఎత్తు! మన యూనియన్ ఎన్నికల పోస్టర్లు చూసినప్పుడల్లా ఈ రెండోది ఎంత కష్టమో నాకు తెలుస్తూనే ఉంటుంది.

ఆయన కట్టించిన కెథడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు ఒకేచోట కలిసిన కట్టడమది. దాని పేరు ఎపిఫనీ, అంటే క్రీస్తు లోకానికి కనబడడం. బిషప్‌గారు కనబడడం కాదన్నమాట!

1945 జనవరి 1న ఆయన డోర్నకల్‌లోనే కన్నుమూశారు. రెండేళ్ళ తర్వాత, ఆయన ఏళ్ళ తరబడి పాటుపడిన దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఆ రోజు వేదిక మీద ఆయన లేరు. పని మాత్రం నిలిచింది. మన మతం ఏదైనా సరే, మనం ఫొటోలో లేకపోయినా జరగాలని కోరుకునే పని ఒక్కటైనా మనకుందా?