నాన్న చెక్కకు కొట్టిన అక్షరాలు

చూపు లేని పిల్లలుంటే మనం ఏం చేస్తాం? పడిపోతారేమోనని చేయి వదలం. అన్నం మనమే కలిపి పెడతాం. చుట్టాలొచ్చి పేరడిగితే జవాబూ మనమే చెప్పేస్తాం. అంతా ప్రేమతోనే. కానీ పిల్లలకు అందులో వినిపించేది వేరు: నీకు చేతకాదు అని.

లూయీ బ్రెయిలీ ఇంట్లో ఈ మాట వినిపించలేదు. నిజానికి ఆ తండ్రికి మనకంటే పెద్ద బాధే ఉంది. ఫ్రాన్స్‌లోని కూప్‌వ్రే అనే పల్లెలో ఆయన గుర్రాల జీనులు కుట్టేవాడు. 1809లో పుట్టిన లూయీ మూడేళ్లప్పుడు తండ్రి పనిచేసే చోట ఆడుకుంటూ, తోలుకు బెజ్జాలు చేసే ఆరెను కంట్లో పొడుచుకున్నాడు. ఆ కన్ను చెడింది, తర్వాత రెండోదీ పోయింది. అయిదేళ్లకు పూర్తి చీకటి. (ఒక కంటికి లోతైన గాయమయ్యాక రెండో కన్ను ఎర్రబడినా, మసకబారినా ఒక్క రోజు కూడా ఆగకండి. వెంటనే కంటి డాక్టరుకు చూపించండి.)

తన పనిముట్టే కొడుకు కన్ను తీసిందన్న దిగులుతో ఆ తండ్రి పిల్లాణ్ని మూల కూర్చోబెట్టి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆయన కర్ర చేసిచ్చాడు. దాంతో లూయీ ఊరంతా తిరిగాడు. గుర్రాల సామానుకు కుచ్చులు కట్టే పనీ అప్పగించాడు. చెక్క మీద మేకులు అక్షరాల ఆకారంలో కొట్టి, తడిమి చదవడం నేర్పాడు. ఊరి బడిలో చూపున్న పిల్లల మధ్యే కూర్చోబెట్టాడు. పదేళ్లకు పారిస్‌లోని అంధుల పాఠశాలకు పంపాడు.

అక్కడి పుస్తకాల్లో ఉబ్బెత్తు అక్షరాలుండేవి. చదవడం నత్తనడక, రాయడం అసలే కుదరదు. బార్బియే అనే సైనికాధికారి తెచ్చిన 12 చుక్కల పద్ధతి వేలి కొనకు అందేది కాదు. ఒక అధికారి చేసిన దాన్ని మార్చొచ్చని పదిహేనేళ్ల అంధ బాలుడికి అనిపించడమే నాకు అన్నిటికంటే ఆశ్చర్యం. 1824 నాటికి దాన్ని ఆరు చుక్కలకు కుదించాడు. తర్వాత అదే బడిలో పంతులయ్యాడు, చర్చిలో ఆర్గాన్ వాయించాడు. 43 ఏళ్లకు క్షయతో పోయాడు.

ఆ తండ్రికి భయం లేదనుకోకండి. 1831లో ప్రాణం పోయే ముందు ఆయన పాఠశాల పెద్దకు ఉత్తరం రాయించాడు, తన కొడుకును ఎప్పటికీ వదిలేయవద్దని. అప్పటికి లూయీకి 22 ఏళ్లు, చుక్కల లిపి పుస్తకం అచ్చయి రెండేళ్లయింది.