జో లూయిస్ – ఓటమికి ఎదురుపోరు

ముష్టియుద్ధం మిక్కిలి ప్రాచీనమైన క్రీడ. అందులో హెవీవెయిట్ విభాగానికి ఉన్న ప్రతిష్ఠ మరి దేనికీ లేదు. ఆ విభాగంలో విశ్వవిజేత పదవిని 1937 నుండి 1949 వరకు, అనగా పదకొండు సంవత్సరాల ఎనిమిది నెలలపాటు నిలుపుకొన్న నల్లజాతి వీరుడు జో లూయిస్. ఆ కాలంలో ఇరవై అయిదు పర్యాయాలు ప్రత్యర్థులు ఆ పదవికై అతనితో తలపడి విఫలులయ్యారు. అయినను లోకం అతనిని ఈ లెక్కలకంటె ఒక ఓటమివలన, ఆ ఓటమికి రెండేండ్ల తరువాత జరిగిన రెండు నిమిషాల పోరువలన ఎక్కువగా గుర్తుంచుకొన్నది.

లూయిస్ 1914 మే 13వ తేదీన అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, లాఫయెట్ పట్టణానికి సమీపాన, ఒక నిరుపేద కౌలురైతు కుటుంబంలో జన్మించాడు. ఎనిమిదిమంది సంతానంలో అతడు ఏడవవాడు. పసితనంలోనే తండ్రి మతి చలించి చికిత్సాలయం పాలయ్యాడు. తల్లి లిల్లీ మరల వివాహమాడి, 1926లో కుటుంబంతో డెట్రాయిట్ నగరానికి తరలివచ్చింది. దక్షిణాది పత్తిచేల నుండి ఉత్తరాది కార్మాగారాలకు వలసపోయిన లక్షలాది నల్లజాతివారిలో వారూ ఒకరు. కుమారునికి సంగీతం అబ్బాలని ఆ తల్లి వయొలిన్ పాఠాలకై పైకమిస్తే, అతడు దానిని వ్యాయామశాలకు చెల్లించి ముష్టియుద్ధం అభ్యసించాడు. మొదటి పోటీలోనే ఏడుమార్లు నేలకూలాడు. అయినా ఆ విద్యను విడువలేదు. 1934లో జాతీయ ఔత్సాహిక విజేతయై, అదే సంవత్సరం జూలై 4న షికాగోలో వృత్తి క్రీడాకారునిగా బరిలో దిగాడు.

అప్పటికి నల్లజాతివానికి హెవీవెయిట్ పదవి అందని మాను పండు. 1908లో ఆ పదవిని గెలిచిన జాక్ జాన్సన్ తన ధిక్కార స్వభావంతో శ్వేతజాతివారి ఆగ్రహానికి గురయ్యాడు. 1915లో అతడు ఓడినది మొదలు మరొక నల్లవానికి ఆ పదవికై పోరాడే అవకాశమే దక్కలేదు. ఈ సంగతి ఎరిగిన లూయిస్ నిర్వాహకులు అతనికి కఠినమైన నియమాలు విధించారు. పడిపోయిన ప్రత్యర్థిని చూచి సంతోషం ప్రకటించరాదు; శ్వేతజాతి స్త్రీలతో ఛాయాచిత్రం దిగరాదు; మాటలో, నడతలో అణకువ తప్పరాదు. విజయానికి నవ్వే స్వేచ్ఛ కూడా లేని యువకుడతడు. శిక్షకుడు జాక్ బ్లాక్‌బర్న్ పర్యవేక్షణలో అతడు 1935లో మాజీ విజేతలైన ప్రైమో కార్నెరాను, మాక్స్ బేర్‌ను చిత్తుగా ఓడించాడు. ఇక అతనికి ఎదురులేదని అందరూ భావించారు.

1936 జూన్ 19న న్యూయార్క్ యాంకీ స్టేడియంలో జర్మనీ దేశస్థుడైన మాక్స్ ష్మెలింగ్‌తో పోటీ ఏర్పాటయినది. ష్మెలింగ్ కూడా మాజీ విశ్వవిజేతయే కాని, ముప్పది ఏండ్లు నిండినవాడని అతనిని ఎవరూ లెక్కచేయలేదు. లూయిస్ కూడా శిక్షణ శిబిరంలో అభ్యాసంకంటె గోల్ఫ్ ఆటపై మక్కువ చూపాడు. ష్మెలింగ్ మాత్రం 1935 డిసెంబరులో లూయిస్ పోటీని స్వయంగా చూచి, అతని పోరులోని ఒక లోపాన్ని పసిగట్టాడు. ఎడమచేతితో సూటిగా పొడిచిన తరువాత లూయిస్ ఆ చేతిని గడ్డానికి కాపుగా తెచ్చుకొనక, కిందికి జారవిడిచేవాడు. ఆ క్షణంలో దవడకు రక్షణ ఉండదు. ష్మెలింగ్ కుడిచేయి అక్కడికే దూసుకొనివచ్చింది. నాలుగవ రౌండులో లూయిస్ నేలకూలాడు. లేచి నిలిచినా, తరువాతి ఎనిమిది రౌండ్లూ మసకబారిన చూపుతోనే పోరాడాడు. పన్నెండవ రౌండులో మరల పడినప్పుడు రిఫరీ పది లెక్కించేలోగా లేవలేకపోయాడు. నల్లజాతివారి వాడలలో ఆ రాత్రి జనం వీధులలో కంటతడి పెట్టారు.

ముష్టియోధుని జీవితంలో ఇంతకంటె క్లిష్టమైన ఘట్టం లేదు. తీర్పుతో ఓడినవాడు న్యాయనిర్ణేతలను తప్పుపట్టవచ్చు. స్పృహ తప్పి పడినవానికి ఆ ఊరట లేదు. పైగా అతని రహస్యం ప్రత్యర్థులందరికీ తెలిసిపోయింది. అదే మనిషితో అతడు మరల తలపడితే గెలుపు సాధ్యమా? ఈ ప్రశ్నకు రెండు వైపులా బలమైన వాదనలున్నాయి. 1937 జూన్ 22న షికాగోలో జేమ్స్ బ్రాడక్‌ను ఎనిమిదవ రౌండులో పడగొట్టి లూయిస్ విశ్వవిజేత అయినాడు కాని, ఆ పోరు మొదటి రౌండులో తానూ ఒకమారు నేలను తాకాడు. అదే సంవత్సరం ఆగస్టులో వేల్స్ దేశస్థుడు టామీ ఫార్ పదిహేను రౌండ్లూ అతనిని ఎదిరించి నిలిచాడు. వెనుకటి గాయం మానలేదనువారికి ఇవి నిదర్శనాలు.

కాని లోతుగా చూచినవారికి వేరొక చిత్రం కనిపిస్తుంది. ఓటమి జరిగిన రెండు నెలలకే లూయిస్ మాజీ విజేత జాక్ షార్కీని మూడవ రౌండులో ఓడించి, ధైర్యం చెడలేదని చాటాడు. రెండవ పోరు నాటికి అతనికి ఇరవై నాలుగేండ్లు, ష్మెలింగ్‌కు ముప్పది రెండు. రెండేండ్ల కాలం ఒకరిని పరిణతి వైపు, మరొకరిని వార్ధక్యం వైపు నడిపించింది. అన్నింటికంటె ముఖ్యమైనది ష్మెలింగ్ పోరాట పద్ధతి. అతడు నిదానంగా ఆరంభించి, ఎదుటివాని దెబ్బకోసం వేచి, దానికి బదులు చెప్పే యోధుడు. అట్టివానికి సమయమే ఆయుధం. బ్లాక్‌బర్న్ ఆలోచన కూడా అక్కడికే చేరింది. ఎడమచేతి లోపాన్ని సరిదిద్దుట ఒక పని. ష్మెలింగ్‌కు వేచియుండే వ్యవధి లేకుండ, మొదటి గంట నుండే విరామమెరుగక విరుచుకుపడుట మరొక పని.

ష్మెలింగ్‌కు జరిగిన అన్యాయాన్ని కూడ చెప్పవలసియున్నది. లూయిస్‌ను ఓడించినవాడు గనుక బ్రాడక్‌తో పోరాడే హక్కు న్యాయంగా అతనిదే. ఒప్పందం కూడా కుదిరింది. కాని నాజీల పాలనలోని జర్మనీపై వ్యతిరేకత, లూయిస్ పోటీకి రాగల ధనం కలిసి బ్రాడక్ పక్షాన్ని లూయిస్ వైపు మళ్లించాయి. అందుచేత ఆ జర్మన్ యోధుని మనస్సులోనూ కసి ఉండినది. లూయిస్ అయితే ష్మెలింగ్‌ను ఓడించనంతవరకు తనను విజేతగా పరిగణించుకొననని బహిరంగంగానే ప్రకటించాడు.

1938 జూన్ 22న అదే యాంకీ స్టేడియంలో డెబ్బది వేలమంది సమక్షంలో ఇరువురూ ఎదురుపడ్డారు. హిట్లర్ ప్రభుత్వం ష్మెలింగ్‌ను తన జాతి ఔన్నత్యానికి చిహ్నంగా ప్రచారం చేసుకొన్నది. దేశంలో అనేక చోట్ల తెల్లవారి సరసన కూర్చునే హక్కులేని నల్లవాడు అమెరికా స్వేచ్ఛకు ప్రతినిధిగా నిలిచాడు. లూయిస్ లోపలి గదిలోనే చాలసేపు అభ్యాసం చేసి, చెమటతో తడిసిన ఒంటితో బరిలోకి వచ్చాడు. గంట మ్రోగగానే ముందుకురికాడు. తాళ్లకు ఆనుకొన్న ష్మెలింగ్ పక్కటెముకల వైపు పడిన ఒక దెబ్బకు అతడు పెద్దగా కేక వేశాడు. వెన్నుపూసకు దెబ్బ తగిలినట్లు తరువాత తేలింది. మూడుమార్లు కూలినాడు. అతని పక్షంవారు ఓటమికి గుర్తుగా తువ్వాలు విసిరారు. రిఫరీ ఆర్థర్ డోనోవన్ పోటీని ఆపివేశాడు. అప్పటికి గడచినది రెండు నిమిషాల నాలుగు సెకన్లు మాత్రమే.

ష్మెలింగ్ నాజీ పార్టీలో చేరలేదు. అతని నిర్వాహకుడు జో జేకబ్స్ యూదుడు. అదే 1938 నవంబరులో యూదులపై దాడులు చెలరేగిన రోజులలో ష్మెలింగ్ ఇద్దరు యూదు బాలురను బెర్లిన్‌లో దాచి కాపాడాడు. బరిలో శత్రువులుగా చిత్రింపబడిన ఆ ఇరువురూ యుద్ధానంతరం ఆప్తమిత్రులయ్యారు.

లూయిస్ 1942లో సైన్యంలో చేరాడు. ఆ సంవత్సరం రెండు పోటీలలో తనకు వచ్చిన ధనాన్ని నౌకాదళ, పదాతిదళ సహాయనిధులకు ఇచ్చివేశాడు. ప్రభుత్వం మాత్రం ఆయా మొత్తాలపై కూడా పన్ను అడుగుటకు వెనుదీయలేదు. వడ్డీలతో పెరిగిన బకాయి అయిదు లక్షల డాలర్లు దాటింది. 1949లో విరమించినవాడు ఆ అప్పుకోసమే మరల బరికెక్కి, 1950లో ఎజార్డ్ చార్లెస్ చేతిలోను, 1951 అక్టోబరులో రాకీ మార్సియానో చేతిలోను ఓడిపోయాడు. ఈసారి వయస్సు అతని పక్షాన లేదు. మరొక ఎదురుపోరుకు అవకాశమూ లేదు. తరువాత కుస్తీ ప్రదర్శనలిచ్చాడు. చివరి రోజులలో లాస్ వేగాస్‌లోని ఒక జూదశాలలో అతిథులను ఆహ్వానించే ఉద్యోగం చేశాడు.

లూయిస్ 1981 ఏప్రిల్ 12న మరణించాడు. అధ్యక్షుడు రీగన్ నియమాలు సడలించగా, సైనిక వీరులు విశ్రమించే ఆర్లింగ్టన్ శ్మశానవాటికలో అతనిని ఖననం చేశారు. అంత్యక్రియల వ్యయంలో కొంత భాగాన్ని భరించినవాడు మాక్స్ ష్మెలింగ్.