ఎడ్వర్డ్ లూకాస్

ఎడ్వర్డ్ లూకాస్ (ఏప్రిల్ 4, 1842 - అక్టోబరు 3, 1891) ఫ్రాన్సు దేశానికి చెందిన గణిత శాస్త్రవేత్త, ఉపాధ్యాయుడు. 2¹²⁷ - 1 ప్రధాన సంఖ్య అని ఇతను 1876లో నిరూపించాడు. 39 అంకెలు గల ఆ సంఖ్య ఇది:

170141183460469231731687303715884105727

యంత్ర సహాయం లేకుండా కనుగొన్న ప్రధాన సంఖ్యలలో ఇదే అతి పెద్దది. 1951 వరకు, అనగా 75 సంవత్సరాలు, దీనిని మించిన ప్రధాన సంఖ్య ఎవరికీ తెలియలేదు.

జీవితం

లూకాస్ ఉత్తర ఫ్రాన్సులోని ఆమియెన్ పట్టణంలో జన్మించాడు. పారిస్‌లో ఉన్నత విద్య ముగించి, అక్కడి ఖగోళ పరిశోధనాలయంలో పనిచేశాడు. 1870-71 నాటి ఫ్రాన్సు - ప్రష్యా యుద్ధంలో ఫిరంగి దళాధికారిగా ఉన్నాడు. యుద్ధానంతరం మూలేన్‌లోను, పిదప పారిస్‌లోని సెయింట్ లూయీ, షార్లమేన్ పాఠశాలలలోను గణితం బోధించాడు.

మెర్సెన్ జాబితా

2ⁿ - 1 రూపంలోని సంఖ్యలను మెర్సెన్ సంఖ్యలు అంటారు. n విలువ 257 వరకు వీటిలో ఏవి ప్రధాన సంఖ్యలో తెలుపుతూ మెర్సెన్ 1644లో ఒక జాబితా ప్రకటించాడు. అందులో 31 తరువాత 67, 127, 257 ఉన్నాయి. 1772లో ఆయిలర్ 2³¹ - 1 ప్రధాన సంఖ్య అని నిరూపించాడు. అంతకు మించిన వాటిని భాజకాలతో ఒక్కొక్కటిగా భాగించి పరీక్షించడం మానవ సాధ్యం కాదు.

లూకాస్ పరీక్ష

భాజకాలను వెదకకుండానే ప్రధాన సంఖ్యను గుర్తించే మార్గాన్ని లూకాస్ కనుగొన్నాడు. ఉదాహరణకు 2⁷ - 1, అనగా 127 తీసుకుందాం. 3తో మొదలుపెట్టి, ప్రతి పదాన్ని వర్గం చేసి 2 తీసివేయాలి. ఫలితాన్ని 127తో భాగించి శేషాన్ని మాత్రమే ఉంచుకోవాలి. అప్పుడు 3, 7, 47, 48, 16, 0 వస్తాయి. ఆరవ పదం సున్న అయినది కనుక 127 ప్రధాన సంఖ్య. 2¹²⁷ - 1 విషయంలో ఈ క్రమం 126వ పదం వరకు సాగుతుంది.

2⁶⁷ - 1 ప్రధాన సంఖ్య కాదని, మెర్సెన్ జాబితా తప్పని కూడా లూకాస్ 1876లోనే చూపాడు. అయితే దాని కారణాంకాలు మాత్రం అతనికి తెలియవు. 193707721, 761838257287 అనే ఆ రెండింటిని 1903లో ఫ్రాంక్ నెల్సన్ కోల్ వెలువరించాడు. ఒక సంఖ్య విభాజ్యమని తెలుసుకోవడం వేరు, దానిని విభజించగలగడం వేరు అనే సంగతి దీనివలన స్పష్టమవుతుంది.

ఇతర కృషి

ఫిబొనాచీ సంఖ్యలకు ఆ పేరు స్థిరపడటానికి లూకాస్ కారకుడు. 2, 1, 3, 4, 7, 11 అని సాగే లూకాస్ సంఖ్యలు ఇతని పేరిటే ఉన్నాయి. హనోయ్ గోపురం అనే ఆటను 1883లో మారుపేరుతో విడుదల చేశాడు. వినోద గణితంపై నాలుగు సంపుటాలు రచించగా, చివరి రెండు మరణానంతరం వెలువడ్డాయి.

మరణం

1891లో ఒక శాస్త్ర సమావేశపు విందులో పళ్ళెం జారిపడి పగిలింది. దాని ముక్క ఎగిరి లూకాస్ చెంపను గాయపరచింది. ఆ గాయం విషమించి, కొద్ది రోజులకే పారిస్‌లో మరణించాడు. అప్పటికి అతని వయసు 49 సంవత్సరాలు.

ప్రభావం

1930లో లెహ్మర్ ఈ పరీక్షను సరళీకరించి, 4తో మొదలయ్యే రూపం ఇచ్చాడు. నేడు దీనిని లూకాస్ - లెహ్మర్ పరీక్ష అంటారు. 2024లో కనుగొన్న, 4,10,24,320 అంకెలు గల మెర్సెన్ ప్రధాన సంఖ్యను సైతం ఈ పరీక్షతోనే నిర్ధారించారు.