డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు

భరతఖండము స్వరాజ్యము నొందిన పిదప తన యింటిని తాను ఎట్లు దిద్దుకొనవలెనో ముందుగనే యోచించిన ఆంధ్రులలో డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు అగ్రగణ్యులు.

వీరు 1880వ సంవత్సరము నవంబరు 24వ తేదీన ఏలూరు చేరువనున్న గుండుగొలను గ్రామమున, కలిమి లేని కుటుంబమున జన్మించిరి. మద్రాసున వైద్యవిద్య ముగించి బందరున వైద్యులైరి. చేతినిండ పని యున్నను ఆ వృత్తిని విడిచి దేశసేవకు పూనుకొనిరి. 1910లో వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాలకు వీరును ఒక మూలస్తంభము.

వీరి దృష్టిలో రాజ్యాధికారము, ఆర్థికబలము కాడికి కట్టిన జోడెడ్లు. ఒకటి చతికిలబడిన బండి కదలదు. కృష్ణానది నీటితో డెల్టా పండుచున్నను, రైతు పంట కళ్లమునుండియే వడ్డీవర్తకుని గాదెకు చేరుచుండెను. తెలుగువారి పొదుపు తెలుగువారి సేద్యమునకు, వర్తకమునకు ఉపకరింపవలెనని 1923 నవంబరులో బందరున ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. నాటి చెల్లింపు మూలధనము లక్ష రూపాయలు. పిదప 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని నెలకొల్పిరి.

పాలన ప్రజల భాషలో సాగనిదే స్వరాజ్యము పల్లె చేరదని నమ్మి, కాంగ్రెసునందు ఆంధ్రులకు ప్రత్యేక శాఖ కావలెనని వాదించి 1917లో ఒప్పించిరి. తిరువూరు పొలిమేరకు ఆవల నాడు నైజాము రాజ్యము. అట్టి సంస్థానముల ప్రజలకును బాధ్యతాయుత ప్రభుత్వము కావలెనని సంస్థాన ప్రజల మహాసభ పక్షమున పాటుపడిరి. 1939లో సుభాసు చంద్రబోసుగారితో పోటీచేసి కాంగ్రెసు అధ్యక్షపదవి కోల్పోయిరి. 1942 మొదలు మూడేండ్లు అహమ్మదునగరు కోటలో బందీయై, 1948లో జయపురము కాంగ్రెసునకు అధ్యక్షులైరి.

అప్పుడే వీరికి అగ్నిపరీక్ష యెదురాయెను. నెహ్రూ, పటేలుగార్లతో కూడిన సంఘమున వీరొక సభ్యులు. భాషారాష్ట్రములను వాయిదా వేయవలెననియు, మద్రాసు నగరముపై హక్కు విడిచినచో ఆంధ్రరాష్ట్రము ఏర్పడవచ్చుననియు 1949లో ఆ సంఘము నివేదించెను. ముప్పదియేండ్లు ఆంధ్రరాష్ట్రమునకై వాదించిన చేయియే ఆ నివేదికపై సంతకము చేసెను. అది పెక్కురు ఆంధ్రులకు గుండెకోతయైనది. దేశవిభజన గాయము మానకమున్నే కొత్త చీలికలు వచ్చునను భయము ఆ నాయకులది. ఇంకను వేచియుండలేని ఆర్తి ప్రజలది. తుదకు పొట్టి శ్రీరాములుగారి ఆత్మార్పణానంతరము, 1953 అక్టోబరు 1వ తేదీన, మద్రాసు లేకయే ఆంధ్రరాష్ట్రము అవతరించెను.

1952 నుండి 1957 వరకు మధ్యప్రదేశమునకు గవర్నరుగానుండి, 1959 డిసెంబరు 17వ తేదీన కీర్తిశేషులైరి. వీరి బ్యాంకు 1980లో జాతీయమై, 2020లో యూనియన్ బ్యాంకునందు విలీనమాయెను. ఆ పేరు పలకలపైనుండి తొలగినను, పొదుపును పాలనయు ప్రజల చేతికి రావలెనని వారు వ్రాసియుంచిన పద్దు కొట్టివేయదగినది కాదు. దానిని చెల్లుబాటు చేయుట మనవంతు.