జాషువా మాస్టారి రెండో చదువు

గుర్రం జాషువాను మనం కవిగా తలుచుకుంటాం. సెప్టెంబర్ 28 వస్తే విగ్రహానికి దండ వేస్తాం, గబ్బిలం గురించి నాలుగు మాటలు చెప్పుకుంటాం. ఆయన ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం తరగతి గదిలో గడిచిందన్న సంగతి మాత్రం సభల్లో పెద్దగా వినిపించదు. ఆయన బడిపంతులు. పంతులు అయ్యాక కూడా చదువు ఆపని పంతులు. గబ్బిలం ఆ రెండో చదువు లోంచే పుట్టిందని మేం అనుకుంటున్నాం. ఈసారి కవిని కాసేపు పక్కన పెట్టి, విద్యార్థిగా మారిన ఆ మాస్టారి గురించి మాట్లాడుకుందాం.

1895లో వినుకొండలో జాషువా పుట్టాడు. తండ్రి వీరయ్య యాదవ, తల్లి లింగమ్మ మాదిగ. ఇల్లు క్రైస్తవ ఇల్లు. మతం మారినంత మాత్రాన ఊరి చూపు మారలేదు. తండ్రి కులం ఏదైనా, ఊరు ఆ పిల్లవాణ్ణి తల్లి కులంతోనే లెక్కగట్టింది. బడిలో చేరిన రోజు నుంచే అవమానాలు మొదలయ్యాయి. కొన్ని తోటి పిల్లల నుంచి, కొన్ని పాఠం చెప్పే పంతుళ్ల నుంచి. తలవంచుకుని ఊరుకునే స్వభావం కాదు కాబట్టి తిరగబడ్డాడు. బడి అంటే ఏమిటో, పంతులు నోటి నుంచి వచ్చే ఒక్క మాట పిల్లవాణ్ణి ఏం చేయగలదో ఆయనకు చిన్నప్పుడే తెలిసింది. అదే వృత్తిలోకి తర్వాత ఆయనే వెళ్లాడు.

మొదటి ఉద్యోగం మిషన్ పాఠశాలలో. నెలకు 3 రూపాయల జీతం. 1910లో మేరీతో పెళ్లయింది. చేతిలో ఉన్న ఆ చిన్న ఉద్యోగం కూడా నిలవలేదు. రాజమండ్రి వెళ్లి 1915, 1916 సంవత్సరాల్లో సినిమా వాచకుడిగా పనిచేశాడు. అప్పటికి సినిమాకు మాట లేదు. తెర మీద బొమ్మ కదులుతుంటే పక్కన నిలబడి కథనూ సంభాషణనూ గొంతెత్తి చెప్పే మనిషి కావాలి. జాషువా ఆ మనిషి అయ్యాడు. చదువు రాని జనానికి కూడా అర్థమయ్యేలా కథ చెప్పి కూర్చోబెట్టడం ఆ పని. దాన్ని కూడా ఒక రకమైన బోధన అనే అనాలి.

తర్వాత గుంటూరు చేరాడు. లూథరన్ చర్చి నడిపే ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్లు పనిచేశాడు. అంటే పిల్లలకు పాఠం చెప్పే స్థాయి నుంచి, రేపు పాఠం చెప్పబోయే వాళ్లకు పాఠం చెప్పే స్థాయికి వచ్చాడు. ఎందరో ఉపాధ్యాయుల జీవితం అక్కడితో స్థిరపడుతుంది. ఉద్యోగం ఉంది, నెలనెలా జీతం ఉంది, సంసారం ఉంది, ఇంకేం కావాలి అనిపిస్తుంది. జాషువా అక్కడ ఆగలేదు.

ఎందుకు ఆగలేదో తెలియాలంటే ఆనాటి బడిలోని మెట్లు చూడాలి. ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పే పండితుడికి ఓరియంటల్ పట్టా కావాలి. ఉభయభాషా ప్రవీణ అలాంటి పట్టా. ఉభయభాషలంటే సంస్కృతం, తెలుగు. వ్యాకరణం, అలంకారశాస్త్రం, ఛందస్సు, ప్రాచీన కావ్యాలు చదవాలి. పై కులాల పిల్లలకు ఇదంతా ఇంట్లో తాత నోట, నాన్న నోట వినపడే చదువు. అగ్రహారంలో పుట్టిన వాడికి కాళిదాసు చుట్టం లాంటివాడు. మాదిగవాడలో పుట్టిన వాడికి ఆ శ్లోకం చెవిన పడడమే అపచారం అని శతాబ్దాల పాటు కట్టడి చేశారు. కాబట్టి ఈ పట్టాను జీతం పెంచే కాగితంగా మాత్రమే చూడలేం. దళిత ఉపాధ్యాయుడు పిల్లలకు అక్షరాలు దిద్దించవచ్చు గానీ పండితుడు కాలేడని గీసిన గీత ఒకటి ఉంది. జాషువా ఆ గీతను దాటాడు.

దీనికి పునాది జూపూడి హనుమచ్ఛాస్త్రి దగ్గర పడింది. ఆయన దగ్గర జాషువా కాళిదాసు కావ్యాలు మూడు చదువుకున్నాడు: మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం. ఒక శాస్త్రి ఒక అంటరానివాడికి సంస్కృత కావ్యం చెప్పడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు, ఆ మాట మనం ఒప్పుకోవాలి. అయితే దాన్ని దయగా చెప్పుకుంటూ పోతే నేర్చుకున్నవాడి శ్రమ కనపడకుండా పోతుంది. గురువు తలుపు తీశాడు. లోపలికి నడిచి, ఒక్కో సమాసాన్ని విప్పుకుని, ఆ సరుకును సొంతం చేసుకున్నది మాత్రం శిష్యుడు.

విద్య ఉంటే కులం అడ్డు రాదు అనే మాట మనకు తరచూ వినపడుతుంది. జాషువా అనుభవం అలా లేదు. వినుకొండలో ఒక అవధాన సభలో పద్యాలు చదివితే, తక్కువ కులం వాణ్ణి సభలోకి ఎవరు రానిచ్చారని కొందరు గొడవ చేశారు. పద్యంలో తప్పుందని వాళ్లు అనలేదు. మనిషే తప్పు అన్నారు. చిన్ననాటి స్నేహితుడు దీపాల పిచ్చయ్య శాస్త్రి ఇది చూసి బాధపడ్డాడు. ఇద్దరం జంటకవులుగా రాద్దామన్నాడు. తీరా ఆ జంటకు పేరు పెట్టబోతే ఏ పేరూ కుదరలేదు. ఒక పేరులో శాస్త్రి ఉంది, ఇంకో పేరు బైబిల్ నుంచి వచ్చింది. ఎటు తిప్పి కలిపినా అతకలేదు. చివరికి ఆ ఆలోచనే వదులుకున్నారు. స్నేహం నిజమే, కానీ పేర్ల మధ్య ఉన్న దూరం ఆ ఇద్దరి చేతిలో లేదు.

ఇంకోవైపు నుంచీ దెబ్బ పడింది. రుక్మిణీ కల్యాణం లాంటి పురాణ కథలు రాసినందుకు క్రైస్తవ సంఘం ఆయన్ని వెలివేసింది. హిందూ పండితులకు ఆయన అంటరానివాడు, సొంత సంఘానికి దారి తప్పినవాడు. పై చదువుకు వెళ్లిన మొదటి తరం దళితులు చాలామందికి ఈ స్థితి తెలుసు. చేరిన చోట చోటు ఉండదు, బయలుదేరిన చోట అనుమానం ఉంటుంది. జాషువా రెండు వైపులా ఆ ధర చెల్లించాడు.

1928 నుంచి 1942 వరకు గుంటూరులోనే ఉన్నాడు. ఉభయభాషా ప్రవీణుడై ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితుడిగా పనిచేశాడు. ఆయన ప్రధాన కావ్యాలు కొన్ని ఈ పద్నాలుగేళ్లలోనే వచ్చాయి. 1932లో ఫిరదౌసి వచ్చింది. బంగారు నాణేలు ఇస్తానని మాటిచ్చి వెండి నాణేలు పంపిన గజనీ మహమ్మద్ కథ అది. పని చేయించుకుని కూలి ఎగ్గొట్టే దొర గురించి రాయడానికి 3 రూపాయల జీతగాడికి పర్షియా దాకా వెళ్లాల్సిన అవసరం నిజానికి లేదు. అయినా వెళ్లాడు, ఆ కథలో తన బాధను చూశాడు.

1941లో గబ్బిలం వచ్చింది. మనం ఇక్కడ కొంచెం ఆగాలి. మేఘసందేశంలో కుబేరుడి శాపంతో అలకాపురికి దూరమైన యక్షుడు భార్యకు మేఘంతో కబురు పంపుతాడు. అతని బాధ ఏడాది ఎడబాటు. జాషువా ఆ చట్రాన్ని తీసుకున్నాడు. యక్షుడి స్థానంలో ఆకలితో పడుకున్న దళితుణ్ణి పెట్టాడు. అందమైన మేఘం స్థానంలో అశుభమని అందరూ తరిమే గబ్బిలాన్ని పెట్టాడు. ప్రియురాలి స్థానంలో కాశీ విశ్వనాథుణ్ణి పెట్టాడు. గుడి కప్పుకు గబ్బిలం వేలాడవచ్చు, ఎవరూ అడ్డుకోరు. ఆ గుడి గడప మనిషి తొక్కకూడదు. గబ్బిలానికి ఉన్న హక్కు మనిషికి లేదన్న ఒక్క సంగతితో కావ్యం మొత్తం నిలబడింది. పూజారి దగ్గర లేనప్పుడు చూసి కబురు చెప్పమని ఆ దళితుడు గబ్బిలానికి జాగ్రత్త కూడా చెబుతాడు. పూజారి ఉంటే ఏమవుతుందో పాఠకుడికి వేరే చెప్పక్కర్లేదు.

మేఘసందేశం క్షుణ్ణంగా చదవని వాడు ఈ పని చేయలేడు. పండితులు దేన్ని గొప్ప అంటారో ఆ రూపంలోనే, వాళ్ల ఛందస్సులోనే, వాళ్లు తప్పు పట్టలేని భాషలోనే అంటరానితనాన్ని వాళ్ల ముందు పెట్టాడు. వినుకొండ సభలో మనిషిని బయటికి పంపగలిగారు. ఈ పద్యాన్ని బయటికి పంపే దారి వాళ్లకు దొరకలేదు. తర్వాత ఒక రోజు తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి స్వయంగా జాషువా కాలికి గండపెండేరం తొడిగాడు.

మన వాళ్లలోనే ఒక ప్రశ్న ఉంది. దాన్ని దాటవేయకూడదు. అణచిన వాడి భాషను, అణచిన వాడి ఛందస్సును అంత కష్టపడి నేర్చుకోవడం ఎందుకు? వాడవాడలా పాడుకునే పాట ఉంది కదా, డప్పు ఉంది కదా? గాంధీ ప్రభావంలో బాపూజీ రాసిన కవి దగ్గర అంబేడ్కర్ మార్గం ఎంత ఉంది? ఇవి న్యాయమైన ప్రశ్నలే. పద్యమే గొప్ప, పాట తక్కువ అని మేం అనం. కానీ ఒక తలుపు మీద మనకు ప్రవేశం లేదని రాసి ఉన్నప్పుడు, ఆ గది మనకు అక్కర్లేదని తిరిగి వెళ్లడం ఒకటి, లోపలికి వెళ్లి చూసి వదిలేయడం ఇంకొకటి. రెండో దానికి స్వేచ్ఛ ఉంది. జాషువా చదువు ఆ స్వేచ్ఛను మనకు సంపాదించి పెట్టింది.

1942 తర్వాత బడి వదిలాడు. యుద్ధ ప్రచారకుడిగా చేశాడు. 1957 నుంచి 1959 వరకు మద్రాసు రేడియో కేంద్రంలో కార్యక్రమ నిర్మాతగా ఉన్నాడు. 1964లో శాసనమండలి సభ్యుడయ్యాడు. క్రీస్తు చరిత్రకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి, పద్మభూషణ్, ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ వచ్చాయి. 1971 జూలై 24న కన్నుమూశాడు. ఆయన శ్మశాన పద్యాలు హరిశ్చంద్ర నాటకం కాటిసీనులో ఊరూరా మోగాయి. ఒకప్పుడు ఆయన్ని అరుగు ఎక్కనివ్వని ఊళ్లు కూడా రాత్రంతా మేలుకుని ఆ పద్యాలకు వన్స్‌మోర్ కొట్టాయి.

ఇప్పుడు మన సంగతి. ఇవాళ డీఎస్సీ రాసి ఉద్యోగం తెచ్చుకున్న దళిత ఉపాధ్యాయులు వేలల్లో ఉన్నారు. వాళ్లలో ఎం.ఎడ్. చేద్దామనో, పీహెచ్‌డీకి వెళ్దామనో అనుకునే వాళ్లకు దారి సులువు కాదు. ఎన్‌సీటీఈ 2014 నిబంధనల తర్వాత ఎం.ఎడ్. రెండేళ్ల కోర్సు అయింది. రెండేళ్లు సెలవు దొరకాలి, ఇల్లు గడవాలి. కేంద్ర పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు కుటుంబ ఆదాయ పరిమితి ఏడాదికి 2.5 లక్షల రూపాయలు కాబట్టి రెగ్యులర్ టీచర్‌కు అది అందదు. ఆ జీతం మీద ఆధారపడిన తల్లిదండ్రులు, తమ్ముళ్లు, చెల్లెళ్ల లెక్క ఏ దరఖాస్తులోనూ ఉండదు. ఉద్యోగం వచ్చింది కదా ఇంకా చదువెందుకు అనే మాట స్టాఫ్ రూమ్‌లో వినపడుతుంది, ఇంట్లోనూ వినపడుతుంది.

పనిచేస్తున్న ఉపాధ్యాయులకు జీతంతో కూడిన చదువు సెలవు అడగడం, ఎస్సీ ఎస్టీ టీచర్ల పై చదువుకు ప్రత్యేక ఫెలోషిప్ అడగడం మన సంఘాల డిమాండ్ల పత్రంలో చివరి పేజీకి నెట్టాల్సిన విషయాలు కావు. పాఠ్యపుస్తకం రాసే కమిటీలో, టీచర్లకు శిక్షణ ఇచ్చే డైట్ కళాశాలలో, విశ్వవిద్యాలయ విద్యా విభాగంలో ఎవరు కూర్చుంటారో ఆ పై చదువే తేలుస్తుంది. మన పిల్లలు ఏ పాఠం చదవాలో నిర్ణయించేది ఆ కుర్చీల్లో కూర్చున్న వాళ్లే.

జాషువాకు సెలవు లేదు, ఫెలోషిప్ లేదు. ఆయన నెగ్గాడు కాబట్టి అందరూ అలాగే నెగ్గాలని అనడం అన్యాయం. అలా నెగ్గలేక మధ్యలో ఆగిపోయిన మాస్టార్లు ఎందరో ఉన్నారు, వాళ్ల పేర్ల మీద జయంతులు జరగవు. వచ్చే సెప్టెంబర్ 28న జాషువా విగ్రహానికి దండ వేసేటప్పుడు వాళ్లను కూడా తలుచుకుందాం. ఆ సాయంత్రం మన ఊరి బడిలో పనిచేసే దళిత టీచర్‌ను కలిసి, మీరింకా ఏం చదవాలనుకుంటున్నారు, దానికి అడ్డం ఏమిటి అని అడుగుదాం.