ఒత్తిడితో పదార్థాలను మార్చిన బ్రిడ్జ్‌మన్

బదిలీ మీద ఏ ఊరు వెళ్ళినా సామాన్ల మూటల్లోంచి అమ్మ ముందుగా బయటకు తీసేది ప్రెషర్ కుక్కర్. ఫరీదాబాద్ వచ్చినప్పుడు కూడా మా ఇళ్ళలో అదే జరిగింది. గాస్కెట్ పాతబడితే ఆవిరి పక్కనుంచి పోతుంది, పప్పు ఉడకదు. ఇలా కారిపోయే పరికరాన్ని బాగుచేయబోయి శాస్త్రంలో కొత్త దారి తీసిన ఒకరి జీవితం గురించి తెలుసుకుందాం.

పెర్సీ విలియమ్స్ బ్రిడ్జ్‌మన్ 1882 ఏప్రిల్ 21న అమెరికాలోని కేంబ్రిడ్జ్ నగరంలో పుట్టారు. తండ్రి పత్రికా రచయిత. బ్రిడ్జ్‌మన్ 1900లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడే చదివారు, అక్కడే పాఠాలు చెప్పారు, 1954లో అక్కడే పదవీ విరమణ చేశారు. మనం పదో తరగతికి వచ్చేసరికి మూడు నాలుగు బడులు మారతాం. ఆయన మాత్రం జీవితమంతా ఒకే చోట, ఒకే ప్రశ్న పట్టుకుని కూర్చున్నారు. విపరీతమైన ఒత్తిడిలో పదార్థం ఏమవుతుంది అన్నదే ఆ ప్రశ్న.

1905లో ఆయన ఈ పని మొదలుపెట్టేనాటికి ఉన్న పరికరాలతో చదరపు సెంటీమీటరుకు సుమారు 3,000 కిలోల ఒత్తిడి వరకే వెళ్ళగలిగేవారు. అంతకు మించితే లోపలి ద్రవం కారిపోయేది. పరికరం ఒకసారి పాడైతే దాన్ని సరిచేస్తూ బ్రిడ్జ్‌మన్ కొత్త రకం బిగింపు తయారుచేశారు. లోపల ఒత్తిడి పెరిగిన కొద్దీ అది మరింత బిగుసుకుంటుంది. దాంతో కారడం ఆగింది. క్రమంగా ఆయన 1,00,000 కిలోలు కూడా దాటారు. మన కుక్కర్ లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికి దాదాపు రెట్టింపు మాత్రమే!

కుక్కర్‌లో వంట అయ్యేది నిజానికి వేడి వల్లే. ఒత్తిడి ఉండటంతో నీరు 100 డిగ్రీలకు మరగకుండా ఇంకా వేడెక్కుతుంది. బ్రిడ్జ్‌మన్ అసలు వేడే పెట్టకుండా, గాలి ఒత్తిడికి సుమారు 7,000 రెట్లు ఒత్తిడితో గుడ్డు తెల్లసొనను ఉడికిన గుడ్డులా గట్టిపరిచారు. ఈ సంగతి 1914లో ప్రకటించారు. అదే ఏడాది తెల్ల భాస్వరాన్ని 200 డిగ్రీల వేడిలో గట్టిగా నొక్కితే అది నల్ల భాస్వరంగా మారిందని కూడా తెలిపారు. తెల్లది గాలి తగిలితే అంటుకుంటుంది, నల్లది అంత తేలిగ్గా అంటుకోదు. ఒత్తిడి తీసేశాక కూడా అది నల్లగానే ఉండిపోయింది.

గ్రాఫైట్‌ను వజ్రంగా మార్చాలని కూడా ఆయన ఎంతో ప్రయత్నించారు. అది మాత్రం ఆయన చేతుల మీదుగా జరగలేదు. 1954లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ శాస్త్రవేత్తలు దాన్ని సాధించారు. బ్రిడ్జ్‌మన్‌కు 1946లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన 260కి పైగా పరిశోధనా పత్రాలు రాస్తే, రెండింటిలో తప్ప ఇంకొకరి పేరు లేదు. 1961లో ఆయన కన్నుమూశారు. భూమి లోపల అన్నిటికన్నా ఎక్కువగా ఉన్న ఖనిజానికి 2014లో బ్రిడ్జ్‌మనైట్ అని పేరు పెట్టారు.

ఆయన తీసిన దారి అక్కడితో ఆగలేదు. మెటల్ ఆర్గానిక్ ఫ్రేమ్‌వర్క్‌లు అనే స్ఫటికాలు ఉన్నాయి. వాటిలో లోహ పరమాణువులు కూడళ్ళు, కర్బన అణువులు కడ్డీలు, మధ్యలో ఖాళీ గదులు. వీటికి పునాది వేసిన సుసుము కిటగావ, రిచర్డ్ రాబ్సన్, ఒమర్ యాఘీలకు 2025లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. ఇలాంటి చట్రాన్ని కట్టేశాక, కూల్చకుండా లోపల మార్పు చేయగలమా? 2014లో శాస్త్రవేత్తలు రాగి ఉన్న ఒక చట్రాన్ని ద్రవంలో ఉంచి ఒత్తిడి పెట్టి చూశారు. రాగిని అంటిపెట్టుకున్న నీటి అణువు వెళ్ళిపోయి, దాని చోటికి మరో చిన్న అణువు వచ్చింది. చట్రం నిలిచే ఉంది. కొన్ని ద్రవాలతో మాత్రం ఎంత నొక్కినా ఆ మార్పు రాలేదు. సరిపడని అణువులను బలవంతంగా తోస్తే చట్రమే చెడిపోయింది.

ఇది మనకు తెలియనిదేమీ కాదు. మార్చిలో ఒకరు టీసీ తీసుకుని వెళ్తే, ఏప్రిల్‌లో మరొకరు వచ్చి అదే బెంచీ మీద కూర్చుంటారు. బడి మాత్రం అదే.

ఇండియన్ ఆయిల్ వారి పరిశోధన కేంద్రం మన ఫరీదాబాద్‌లోనే ఉంది. చమురు శుద్ధి కర్మాగారాల్లో బరువైన నూనెలను డీజిల్‌గా మార్చడానికి కూడా హైడ్రోజన్‌తో పాటు ఎక్కువ ఒత్తిడి కావాలి. ఈసారి వంటింట్లో కుక్కర్ గాస్కెట్ కారితే విసుక్కోకుండా, ఎక్కడ కారుతోందో ఒకసారి వంగి చూద్దాం. బ్రిడ్జ్‌మన్ మొదలుపెట్టింది అక్కడి నుంచే.