భద్రావతి కొలిమికి ఇంధనం వెదికిన విశ్వేశ్వరయ్య

మోక్షగుండం విశ్వేశ్వరయ్య పేరు వినగానే తెలుగువారికి 1908 నాటి మూసీ వరదలు, హైదరాబాద్ రక్షణకు ఆయన రూపొందించిన పథకం గుర్తుకు వస్తాయి. లోహ పరిశ్రమకు ఆయన చేసిన సేవ అంతగా ప్రస్తావనకు రాదు. బొగ్గు గనులు లేని రాజ్యంలో ఇనుమును కరిగించడం ఎలా అన్నది ఆయన ఎదుర్కొన్న క్లిష్టమైన సమస్యల్లో ఒకటి.

విశ్వేశ్వరయ్య 1861 సెప్టెంబరు 15న మైసూరు సంస్థానంలోని ముద్దేనహళ్లిలో జన్మించారు. పూర్వీకులది మోక్షగుండం. బొంబాయి ప్రభుత్వ సేవ నుంచి వైదొలగిన అనంతరం 1909లో మైసూరు చీఫ్ ఇంజినీరయ్యారు.

లోహానికీ విద్యుత్తుకూ ఉన్న బంధం అప్పటికే అక్కడ స్థిరపడింది. కోలారు బంగారు గనులకు 1902 నుంచి శివసముద్రం జలవిద్యుత్తు అందుతోంది. అయితే వేసవిలో కావేరి ప్రవాహం తగ్గితే ఉత్పత్తికి ఆటంకం కలిగేది. సాగునీటితో పాటు ఈ లోటునూ తీర్చేందుకు ఆయన ప్రతిపాదించిన కృష్ణరాజసాగర్ నిర్మాణం 1911లో ఆరంభమైంది.

1912లో దివాను పదవి చేపట్టాక ఆయన దృష్టి బాబాబుడన్ కొండల ఇనుప ఖనిజంపై పడింది. ఖనిజం చేరువలోనే ఉన్నా, కోక్‌కు అనువైన బొగ్గు ఎక్కడో తూర్పు భారతంలోని ఝరియా ప్రాంతంలో ఉంది. అంత దూరం నుంచి తెప్పిస్తే గిట్టుబాటు కాదు. అందువల్ల మలెనాడు అడవుల కలపను బొగ్గుగా మార్చి భద్రావతి కొలిమికి వాడాలని నిర్ణయించారు. మూసిన పాత్రలలో కలపను వేడిచేసినపుడు వెలువడే ఆవిరుల నుంచి మిథైల్ ఆల్కహాలు, తారు వంటివి లభించేవి. కట్టె బొగ్గుతో తయారైన ఇనుములో గంధకం తక్కువ.

1923లో కర్మాగారం ఉత్పత్తి ప్రారంభించేనాటికి యుద్ధకాలపు ధరలు పతనమయ్యాయి. నష్టాలు పెరిగాయి, విమర్శలు ముసిరాయి. దివాను పదవిని అప్పటికే వీడిన విశ్వేశ్వరయ్య యాజమాన్య మండలి అధ్యక్షుడిగా ఆ భారాన్ని స్వీకరించారు. ఖర్చులు తగ్గించి, విదేశీ నిపుణుల స్థానంలో క్రమంగా స్వదేశీయులను నియమించి, 1929 వరకు సంస్థను నడిపించారు. అందుకు తనకు దక్కిన పారితోషికాన్ని బెంగళూరులో వృత్తివిద్యా సంస్థ స్థాపనకు వెచ్చించాలని కోరారు.

కట్టె బొగ్గు మార్గానికి మూల్యం లేకపోలేదు. కొలిమి పరిమాణం పెరిగేకొద్దీ అడవిపై భారం పెరుగుతుంది. చెట్టు పెరిగే వేగానికి మించి ఉత్పత్తిని పెంచడం సాధ్యం కాదు. ఆ పరిమితి నుంచి బయటపడే దారి మళ్లీ నీటిలోనే దొరికింది. జోగ్ వద్ద 1948లో జలవిద్యుత్ కేంద్రం ప్రారంభమైన తరువాత, 1950లలో భద్రావతిలో విద్యుత్ కొలిములు వచ్చాయి.

1955లో భారతరత్న అందుకున్న విశ్వేశ్వరయ్య 1962 ఏప్రిల్ 14న కన్నుమూశారు. ఆయన గట్టెక్కించిన భద్రావతి కర్మాగారానికి అనంతరం ఆయన పేరే పెట్టారు.